భాషాశాస్త్ర పట్టము - బ్రతుకుతెరువు

విశాఖపట్టణము నుండి నైరుతిగా రాజమార్గము వెంట పోవునప్పుడు గాజువాక దాటిన పిమ్మట కూర్మన్నపాలెము వచ్చును. ఉక్కు కర్మాగారమునకును, ఉక్కునగరమునకును ఇది వాకిలి వంటి ఊరు. 1966లో ఆంధ్రదేశమంతట మారుమ్రోగిన "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అను నినాదము ఈ ప్రాంతమున పసిపిల్లలకు సైతము కంఠస్థము. ఆ నినాదమునకు జనుల నోట అంత బలము వచ్చుటకు కారణములు పెక్కు గలవు. వానిలో ప్రాస ఒకటి. ఉక్కు, హక్కు అను రెండు మాటలు కవలపిల్లలవలె జతగా నిలిచినవి. కాని ఆ రెండింటి పుట్టిళ్లు వేరు. "ఉక్కు" మన ద్రావిడ కుటుంబపు మాట. తమిళమున దీనిని ఉరుక్కు అందురు, కన్నడమున ఉక్కు అనియే అందురు. కరగుట అను అర్థము గల ఉరుకు అను ధాతువుతో దీనికి చుట్టరికము. "హక్కు" అట్లు గాదు. అరబ్బీలో పుట్టి, పారసీకము మీదుగా కచేరీల త్రోవను మన యింటికి వచ్చిన మాట. వచ్చిన చుట్టము ఇంటివాడైనాడు.

ఉక్కు అను మాట మాత్రము ఇల్లు కదలలేదా? కదలినది. 1795లో జార్జి పియర్సను అను శాస్త్రజ్ఞుడు మన దక్షిణదేశపు ఉక్కును గూర్చి లండనులోని రాయల్ సొసైటీకి ఒక వ్యాసము సమర్పించినాడు. అందులో ఆ లోహమునకు "వూట్జ్" అను పేరు వాడినాడు. అది "ఉక్కు" అను మాటయే చెవులు మారి, చేతులు మారి, అక్షరములు తారుమారై ఏర్పడిన రూపమని పండితులు తలంచుచున్నారు. ఒక మాట ఎక్కడ పుట్టినది, ఏ దారిని నడచినది, ఏ నోట ఏ రూపము దాల్చినది అని విచారించునది భాషాశాస్త్రములో ఒక భాగము.

ఇక్కడ ఒక చిక్కు కలదు. ఇంజనీరింగు చదివిన పిల్లవాడు కర్మాగారమునకు పోవును, వైద్యము చదివినవాడు ఆసుపత్రికి పోవును, ఐ.టి.ఐ. చదివినవాడు యంత్రము ముందు నిలుచును. భాషాశాస్త్రము చదివినవాడు ఎక్కడికి పోవును? ఉక్కునగరపు ఇండ్లలో ఈ ప్రశ్న మరింత గట్టిగా వినబడుట సహజము. ఇంటిలో ఒక్క బిడ్డ, ఉన్న కొద్దిపాటి నిల్వ, రెండు సంవత్సరముల ఎం.ఏ. చదువు, ఇవి తేలిక విషయములు కావు. కావున ఈ ప్రశ్నను నవ్వి తోసివేయరాదు. దీనికి ఊహతో గాక చరిత్రతో జవాబు చెప్పవలెనని మా ఉద్దేశము. ఈ శాస్త్రము చదివిన మన తెలుగువారు నిజముగా ఏమి చేసినారు? వారికి అన్నము పెట్టినది ఏది? ఈ రెండు ప్రశ్నలను పట్టుకొని నడతము.

ముందుగా ఒక అపోహను తొలగించుకొనవలెను. భాషాశాస్త్రమనగా అనేక భాషలు మాటలాడ నేర్చుట కాదు. వ్యాకరణ సూత్రములు వల్లించుట కాదు. తప్పు మాటలాడువారిని దిద్దుటయు కాదు. మనుష్యులు ఏ విధముగా మాటలాడుచున్నారో ఉన్నదున్నట్లు గమనించి, ఆ మాటల వెనుకనున్న కట్టుబాటును కనుగొనుట దాని పని. "పడి", "బడి" అను మాటలలో ఒక్క ధ్వని మారగనే అర్థము మారినది. గనుక ప, బ లు తెలుగులో వేరువేరు వర్ణములు. ఊరు బహువచనమున ఊళ్లు, కన్ను కళ్లు, పండు పళ్లు అగుచున్నవి. మూడేండ్ల పాప ఈ సూత్రమును ఎవరును చెప్పకుండగనే పట్టుకొనును. ఆ పాప పట్టుకొన్నది ఏమిటో చెప్పుటకు పెద్దలకు శాస్త్రము కావలసివచ్చినది.

ఊరిపేరునే తీసికొనుడు. కూర్మన్నపాలెములో "కూర్మన్న" అను పేరు ఉత్తర కోస్తా జిల్లాలలో కూర్మయ్య, కూర్మారావు అను పేర్లతో కలిసి వినవచ్చును. శ్రీకాకుళము జిల్లాలోని శ్రీకూర్మ క్షేత్రముపై గల భక్తి ఈ పేర్లలో నిలిచియున్నది. "పాలెము" అనగా పూర్వము దండు విడిసిన చోటు, పిదప చిన్న పల్లె. తమిళదేశపు పాళైయములు దీని సోదరులే. ప్రక్కనున్న గాజువాకలో "వాక" అనగా ఏరు. దువ్వాడలో వాడ, అగనంపూడిలో పూడి. ఒక్క బస్సు పోవు దారిలోనే నాలుగు విధముల ఊరిపేర్ల తోకలు. ఇట్టి పేర్లనే శ్రద్ధతో ఏరి పరిశోధించి పట్టములు పొందినవారు గలరు. కేతు విశ్వనాథరెడ్డిగారు కడప ఊర్ల పేర్లపై చేసిన పరిశోధన అట్టిది. కథకుడుగా ఆయనను ఎరిగినవారికి ఈ సంగతి తెలియకపోవచ్చును.

ఇక చరిత్ర. పట్టములు పుట్టకముందే ఈ పని పుట్టినది. 1816లో చెన్నపట్టణమున కాంబెల్ దొర వ్రాసిన తెలుగు వ్యాకరణమునకు ఎల్లిస్ దొర ఒక పీఠిక చేర్చినాడు. తెలుగు, తమిళము, కన్నడము మొదలగునవి సంస్కృతము నుండి పుట్టినవి కావనియు, తమలో తాము ఒక కుటుంబమనియు ఆ పీఠికలో నిరూపించినాడు. నలువది సంవత్సరముల తరువాత, 1856లో, కాల్డ్వెల్ గారి ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణముతో ఆ భావము లోకప్రసిద్ధమైనది. ఎల్లిస్ గారిది కంపెనీ కొలువు, కాల్డ్వెల్ గారిది మతప్రచార వృత్తి. అనగా వారి జీతములు వేరొకచోటి నుండి వచ్చినవి, పని మాత్రము భాషది.

మన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి కథయు ఇట్టిదే. 1863 ఆగస్టు 29న జన్మించిన ఆయన 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరినారు. ఆ పరిసరపు కొండలలో సవరలు గలరు. వారి భాషకు లిపి లేదు, పుస్తకము లేదు, నేర్పు గురువు లేడు. పంతులుగారు సవరలను ఇంటికి పిలిచి, వారి పల్లెలకు పోయి, వారి నోటనే ఆ భాషను నేర్చినారు. అది తెలుగునకు చుట్టము గాదు. ముండా కుటుంబమునకు చెందినది. గనుక తెలుగు వ్యాకరణము అక్కరకు రాలేదు, చెవి యొక్కటే అక్కరకు వచ్చినది. సవరపిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించినారు. మద్రాసు ప్రభుత్వము ఆయన సవర వ్యాకరణమును 1931లోను, నిఘంటువును 1938లోను ప్రకటించినది. సవరల మాటను విన్న ఆ చెవియే తెలుగువారి వాడుకమాటను గూడ విన్నది. గ్రంథములలోని భాషకును, బడిపిల్లల నోటిభాషకును నడుమనున్న అగాధము ఆయనకు గోచరించుటలో ఆశ్చర్యమేమున్నది? విజయనగరమున గురజాడ అప్పారావుగారు, విశాఖపట్టణపు ఏ.వి.ఎన్. కళాశాలలో పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పాఠశాలల పరీక్షాధికారియైన యేట్సు దొర, ఈ పంతులుగారు కలిసి వ్యావహారిక భాషోద్యమమునకు పునాది వేసినారు. అది పుట్టినది మన ఉత్తర జిల్లాలలోనే.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బెజవాడలో స్థాపితమై, తరువాత వాల్తేరు మెట్టమీదికి వచ్చినది. మొదటి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1931 నుండి ఐదేండ్లు సర్వేపల్లి రాధాకృష్ణగారు ఆ పీఠమున ఉన్నారు. ఆ కాలముననే తెలుగు శాఖ ఏర్పడి, పింగళి లక్ష్మీకాంతముగారు దానికి పెద్దయైనారు. వ్యాకరణమునకు దువ్వూరి వేంకటరమణశాస్త్రిగారు, భాషాచరిత్రకు గంటి జోగి సోమయాజిగారు. ఆ సోమయాజిగారి "ఆంధ్ర భాషా వికాసము" తెలుగు భాషాచరిత్రను తెలుగులో చదువగోరిన విద్యార్థులకు చిరకాలము దారిదీపమైనది. పింగళివారు ఆ పిదప విజయవాడ ఆకాశవాణిలో ప్రసంగముల ప్రొడ్యూసరుగా పనిచేసినారని ఇచట చెప్పుట మా వృత్తికి గౌరవము. సాహిత్యపు పట్టమునకును రేడియోకును సంబంధము ఆనాడే కుదిరినది.

ఆనాటి విద్యార్థిజీవితము సుఖవంతమైనదని అనరాదు. 1942 ఏప్రిల్ 6న జపానువారి బాంబులు విశాఖపై పడినవి. విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలిపోవలసివచ్చినది. యుద్ధము ముగిసిన పిమ్మట మరల సముద్రతీరమునకు చేరినది. ఆ సంధికాలమున తెలుగు ఆనర్సు చదివి 1948లో పట్టము పుచ్చుకొన్న ఒంగోలు యువకుడు భద్రిరాజు కృష్ణమూర్తి. మరుసటి సంవత్సరముననే అచటనే ఉపన్యాసకుడైనాడు. తెలుగు ఆనర్సు చదివినవానికి ఆనాడు తెలిసిన మార్గమదియే: తెలుగు చదువుట, తెలుగు చెప్పుట. ఆయన అంతటితో ఆగలేదు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు పోయి 1957లో భాషాశాస్త్రమున డాక్టరు పట్టము పొందినారు. తెలుగు ధాతువులపై ఆయన చేసిన కృషి 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయము ద్వారా గ్రంథముగా వెలువడినది.

ఆ గ్రంథములోని విషయము ఇంటివారికి అందనిదేమియు గాదు. తమిళులు "ఇరండు" అందురు, మనము "రెండు" అందుము. వారు "అవర్" అందురు, మనము "వారు" అందుము. వారి "ఉళ్" మనకు "లో". వారికి మొదట అచ్చు నిలిచినది. మనకు ఆ అచ్చు వెనుకకు జరిగి, హల్లు ముందుకు వచ్చినది. ఒక మాటలో జరిగినచో అది పొరపాటనవచ్చును. పదుల మాటలలో ఒకే తీరున జరిగినచో అది సూత్రము. మాటలు మారుటకు గూడ ఒక ధర్మము గలదని ఇట్టి ఉదాహరణములే తెలుపుచున్నవి.

ఆ దశకముననే రాక్‌ఫెల్లరు సంస్థ సహాయముతో పూనా దక్కను కళాశాలలో సెలవుల భాషాశాస్త్ర పాఠశాలలు నడచినవి. వేరువేరు రాష్ట్రముల యువకులు అచట ధ్వనులు వినుటను, వ్రాసికొనుటను అభ్యసించినారు. దేశములో ఈ విద్య ఒక తరమునకు పాకినది ఆ పాఠశాలల ద్వారానే యనుట అతిశయోక్తి గాదు. తరువాత ఉస్మానియాలో 1962లో భాషాశాస్త్ర శాఖ వెలసినప్పుడు కృష్ణమూర్తిగారే మొదటి ఆచార్యులైనారు. వాల్తేరులోను ఈ శాస్త్రమునకు ప్రత్యేక శాఖ ఏర్పడినది. 1986 నుండి 1993 వరకు ఆయన హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులు. 2003లో కేంబ్రిడ్జి ప్రకటించిన ఆయన ద్రావిడభాషల గ్రంథము నేడు లోకమంతట ప్రమాణము.

ఇది మహాపండితుని కథ. మా బిడ్డకు ఇందులో ఏమున్నదని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. అందుకు జవాబు ఆయన పట్టములలో గాక, ఆయన చేయించిన ఒక పనిలో ఉన్నది. 1957లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ఏర్పడినది. ఆ సంస్థ పక్షమున కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము ఆరంభమైనది. వ్యవసాయ పదముల సంపుటము 1962లోను, చేనేత పదముల సంపుటము 1971లోను వెలువడినవి. ఆ పనికి పుస్తకములు చాలవు. జిల్లాలు తిరుగవలెను. రైతు ముందు కూర్చుండి, నాగలి చూపి, మేడిని ఏమందువు, కర్రును ఏమందువు, కాడిని ఏమందువు అని అడుగవలెను. అతడు చెప్పినది చెప్పినట్లు వ్రాయవలెను. మన ఊరి మాటతో దానిని దిద్దరాదు. అడిగినవాడు పట్టభద్రుడు, చెప్పినవాడు నిరక్షరాస్యుడు కావచ్చును. ఆ క్షణమున గురువెవరు, శిష్యుడెవరు?

ఇట్టి పరిశీలనల ఫలితముగా తెలుగుదేశము నాలుగు భాషామండలములుగా తేలినది. శ్రీకాకుళము, విశాఖపట్టణములు తూర్పు మండలము. తెలంగాణము ఉత్తర మండలము. రాయలసీమ, నెల్లూరు ప్రాంతములు దక్షిణ మండలము. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాలు మధ్య మండలము. మన వైపున "ఏటి" అన్నవానిని చూచి నవ్వుట ఇతర జిల్లాలవారికి అలవాటు. ఆ మాట తప్పు గాదు, అది ఒక మండలపు మాట యని శాస్త్రము చెప్పినది. ఆ ఒక్క వాక్యము ఎందరి పిల్లల తలలు ఎత్తించినదో లెక్క గట్టలేము. కృష్ణమూర్తిగారే అరకు కొండలలో కొండదొరల భాషను అధ్యయనము చేసి, కొండ లేక కూబి భాషా వ్యాకరణమును 1969లో ప్రకటించినారు. విశాఖ మన్యములోని భాష అట్లు పండితలోకమునకు తెలిసినది.

ఇప్పుడు బ్రతుకుతెరువు దారులను వరుసగా చూతము.

మొదటిది అధ్యాపనము, పరిశోధన. 1969లో మైసూరున భారతీయ భాషల కేంద్రసంస్థ ఏర్పడినది. హైదరాబాదు విశ్వవిద్యాలయమున అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రము 1988లో వెలసినది. కుప్పములో ద్రావిడ విశ్వవిద్యాలయము 1997లో స్థాపితమైనది. ఇతర దేశములకు పోయినవారును గలరు. గదబ భాషలలో ఒకదానిని వర్ణించిన పేరి భాస్కరరావుగారు టోక్యో విదేశీభాషల విశ్వవిద్యాలయమున ఆచార్యులైనారు. కొండల మీద నేర్చిన వినికిడి జపాను వరకు పోయినది. కాని ఈ దారి ఇరుకైనది. ఎం.ఏ. మాత్రము చాలదు, జాతీయ అర్హత పరీక్ష గాని, డాక్టరు పట్టము గాని కావలెను. ఖాళీలు తక్కువ, నిరీక్షణ యెక్కువ.

రెండవది పత్రిక, నిఘంటువు, అనువాదము. చేకూరి రామారావుగారు అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది, ఉస్మానియాలో ఆచార్యులై, 1975లో "తెలుగు వాక్యము" రచించినారు. "నేను చదివిన పుస్తకము", "నేను చదివిన బడి" అను పలుకుబడులను గమనింపుడు. "చదివిన" అను రూపము ఒక్కటే. మొదటిదానిలో చదువబడినది పుస్తకము, రెండవదానిలో చదువు సాగిన చోటు బడి. ఈ తేడాను మనము తడుముకొనకుండ గ్రహింతుము. ఎట్లు గ్రహింతుమో చెప్పునది వాక్యశాస్త్రము. ఆ దృష్టితోనే ఆయన "చేరాతలు" అను శీర్షికతో కొత్త కవులను పాఠకులకు పరిచయము చేసినారు. బూదరాజు రాధాకృష్ణగారు ప్రాచీన శాసనముల భాషను శోధించినవారు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమిలో పాఠ్యగ్రంథముల పని చేసి, పిదప ఈనాడు పాత్రికేయ పాఠశాలకు ప్రిన్సిపాలుగా ఒక తరము విలేకరులకు వాడుకమాటల మర్మము నేర్పినారు. ఈనాడు పత్రిక 1974 ఆగస్టు 10న విశాఖపట్టణముననే పుట్టినదని ఇచ్చటివారు ఎరుగుదురు. వెయ్యేండ్ల శాసనముల భాష ఎరిగినవాడు రేపటి పత్రికకు మాట కూర్చుట నేర్పినాడు. పట్టము ఒక్కటే, పనులు రెండు.

మా రేడియోను గూర్చియు ఒక మాట. విశాఖపట్టణమున ఆకాశవాణి కేంద్రము 1963లో నెలకొన్నది. మాటయే మా ముడిసరుకు. చదువరి వెనుకకు తిరిగి రెండవమారు చదువుకొనగలడు. శ్రోతకు ఆ వసతి లేదు. "పులి చంపిన మనిషి", "పులిని చంపిన మనిషి" అను రెండింటికి భేదము ఒక్క "ని"లో ఉన్నది. మైకు ముందు ఆ "ని" మ్రింగినచో చంపినవాడు చచ్చినవాడగును. ధ్వనిశాస్త్రము, వాక్యశాస్త్రము చదివినవారు ఇట్టి స్థలములను ముందుగనే పసిగట్టుదురు. ఈ వృత్తిలో అది అలంకారము కాదు, అవసరము.

మూడవది మన్యపు బడి. 2004 ప్రాంతమున ఆంధ్రప్రదేశమున గిరిజన బాలలకు మాతృభాషలో ప్రాథమిక విద్య చెప్పు ప్రయత్నము ఎనిమిది భాషలలో ఆరంభమైనది. సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒరియా, బంజారా అనునవి ఆ భాషలు. వీనికి వాచకములు కావలెను, పదకోశములు కావలెను, తెలుగు లిపిలో లేని ధ్వనులను వ్రాయు పద్ధతి కావలెను. గిడుగువారు ఒంటరిగా చేసిన పని శతాబ్దము తరువాత ప్రభుత్వపు పనియైనది. అట్టి పనికి జనగణన శాఖలోను తావు గలదు. 1961 జనగణనలో 1652 మాతృభాషల పేర్లు లెక్కకు వచ్చినవి. ఏది భాష, ఏది మాండలికము, ఏది ఒకే భాషకు మరొక పేరు అని విడదీయుటకు భాషాశాస్త్రజ్ఞుడు కావలసినదే.

నాలుగవది వైద్యము వైపు దారి. 1965లో మైసూరున వాక్కు, వినికిడి విషయములలో అఖిలభారత సంస్థ ఏర్పడినది. మాట రాని పిల్లలకు, పక్షవాతముచే మాట పోయినవారికి చికిత్స చేయుట అచటి విద్య. దానికి వేరు పట్టము అవసరమని మరువరాదు. అయినను ధ్వనులు తెలిసినవారికి ఆ రంగములో పరిశోధకులుగా చోటు గలదు.

ఐదవది యంత్రము. ఇది నేటి యువకులను ఆకర్షించు దారి. 1998లో హైదరాబాదున స్థాపితమైన ఐ.ఐ.ఐ.టి.లో భాషాసాంకేతిక పరిశోధన మొదటి నుండియు ఉన్నది. 2022లో కేంద్రప్రభుత్వము "భాషిణి" అను పథకమును ఆరంభించినది. ఒక భారతీయభాషలోని మాటను వేరొక భాషలోనికి యంత్రము మార్చుట దాని లక్ష్యములలో ఒకటి. యంత్రమునకు "ఊరు" అను మాట నేర్పినంతమాత్రమున "ఊళ్లకు", "ఊరినుండి", "ఊళ్లోవాళ్లు" అనునవి అర్థము కావు. మూడేండ్ల పాప పట్టుకొన్న సూత్రమునే యంత్రమునకు పూసగుచ్చినట్లు చెప్పవలెను, లేదా లక్షల వాక్యములు శుద్ధిచేసి చూపవలెను. రెండింటికిని తెలుగు మర్మము తెలిసినవారు కావలెను. అయితే భాషాశాస్త్రము మాత్రము తెలిసి, గణితమును, కంప్యూటరును తాకనివారికి ఈ ద్వారము సగమే తెరుచుకొనును.

ఈ దారులన్నింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక సంగతి స్పష్టమగును. "భాషాశాస్త్రజ్ఞుడు కావలెను" అని పేరుపెట్టి పిలుచు ఉద్యోగములు ఎప్పుడును కొద్దియే. ఈ చదువు చదివినవారిలో బ్రతుకు స్థిరపరచుకొన్నవారు దీనికి మరొకదానిని జోడించినవారే. కృష్ణమూర్తిగారికి తెలుగు, బూదరాజువారికి శాసనములు, గిడుగువారికి సవరల చెలిమి, నేటివారికి కంప్యూటరు. ఒంటి ఎద్దుతో నాగలి సాగదు. కాడికి రెండవ ఎద్దు కావలెను. కావున బిడ్డ ఈ శాస్త్రము చదువుదునన్నచో వద్దనుటకు ముందు, దీనితో కూడ ఏమి చదువుదువని అడుగుడు. ఒక గిరిజన భాషయా, ఆంగ్ల తెలుగు అనువాదమా, సంగణకమా? దానికి జవాబు ఉన్నచో ధైర్యముగా పంపవచ్చును. జవాబు లేనిచో, అది వెదకుకొనుటకు మొదటి సంవత్సరపు గడువు ఇవ్వవచ్చును. సాధారణముగా ఏ డిగ్రీ చదివినవారైనను ఈ ఎం.ఏ.లో చేరవచ్చును గనుక, వెనుకటి చదువు వృథాపోదు. సైన్సు చదివినవారికి ధ్వనిశాస్త్రమున, కంప్యూటరు చదివినవారికి యంత్రానువాదమున అది మూలధనమే.

ఇంతవరకు చెప్పినది అన్నమును గూర్చి. అన్నముతో తీరని విషయము ఇంకొకటి గలదు. వ్యవసాయ పదముల సంపుటము వెలువడిన తొమ్మిదేండ్లకు, 1971 జనవరి 20న, విశాఖ ఉక్కు కర్మాగారమునకు ప్రధానమంత్రి ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేసినారు. కర్మాగారమునకై పల్లెలు లేచిపోయినవి. పొలములు ఇచ్చినవారు నిర్వాసితుల కాలనీలలో స్థిరపడినారు. పొలము పోయినప్పుడు పరిహారము లెక్కగట్టుటకు అధికారులు వచ్చినారు. పొలముతో పోయిన మాటలను లెక్కగట్టుటకు ఎవరు రావలెను? గట్టునకు, మడికి, కళ్లమునకు, వానకు, గాలికి ఆ పల్లెలవారు వాడిన మాటలు మనుమలకు అక్కరలేకపోయినవి. మనుమలు కొలిమిలో, రోలింగు మిల్లులో పనికి పోయినారు. ఒడిశా, బెంగాలు, తమిళనాడుల నుండి వచ్చినవారితో కలిసి పనిచేసినారు. అచట కొత్త మాటలు పుట్టినవి. ఆంగ్లపు యంత్రాంగములకు తెలుగు ప్రత్యయములు తగిలించిన మాటలు, హిందీ కలిసిన మాటలు. ఒకవైపు పాత మాటలు కనుమరుగగుచుండగా మరొకవైపు కొత్త మాటలు మొలకెత్తుచున్నవి. ఈ రెండింటిని ఒకే ఊరిలో, ఒకే ఇంటిలో, తాత మనుమల నోట వినదగిన తావులు దేశములో ఎన్ని యుండును?

కూర్మన్నపాలెము ప్రాంతములోని ఇండ్ల నుండి వాల్తేరునకు చదువుకు పోవు బిడ్డకు పరిశోధన విషయము వెదకుటకు దూరదేశములు పోవలసిన పనిలేదు. ఒక పుస్తకము, ఒక ధ్వనిముద్రణ యంత్రము, పెద్దల ముందు కూర్చుండు ఓర్పు; ఇవి చాలును. చేతిలోని టెలిఫోనే నేడు ధ్వనిముద్రణ యంత్రము. పదకోశమునకై మన పెద్దలు నోటుపుస్తకములు పట్టుకొని జిల్లాలు తిరిగిన కాలముతో పోల్చినచో ఇది ఎంత సౌకర్యము! మీ ఇంటిలో పొలము దున్నిన తాత గాని, ఊడ్పులు ఊడ్చిన బామ్మ గాని, గంగవరపు తీరమున వలలు వేసిన బంధువు గాని ఉన్నచో, వారి మాటలను తేదీ వేసి, ఊరిపేరు వ్రాసి, వినినది వినినట్లు భద్రపరచుడు. మాటకు అర్థము వ్రాయునప్పుడు మీ అర్థము గాక వారి అర్థము వ్రాయుడు. ఆ పని చేయుటకు పట్టము అక్కరలేదు. పట్టము ఉన్నవారు మీ ఇంటికి వచ్చిన నాడు అది వారికి ముడిసరుకగును. మీ బిడ్డయే ఆ పట్టము పొందినవాడైనచో, అదియే అతని మొదటి పని యగును.